హెల్త్ సైన్సెస్ డిగ్రీతో లైసెన్సు రాదని రెండో ఏడాదిలో తెలిసింది. కొనసాగించాలా?

నీలిమేఘం
నాలుగేళ్ల హెల్త్ సైన్సెస్ డిగ్రీలో రెండో ఏడాది సగంలో ఉన్నాను. చేరేటప్పుడు ఇచ్చిన కరపత్రంలో ఆరోగ్య రంగంలో లెక్కలేనన్ని అవకాశాలని రాసి ఉంది. మెడలో స్టెతస్కోపు వేసుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ కూడా ఉంది. పోయిన వారం ఒక సీనియర్ చెప్పేదాకా నాకు తట్టలేదు. ఈ డిగ్రీ పూర్తిచేసినా నేను నర్సును కాను, ఫిజియోథెరపిస్టును కాను, ల్యాబ్ టెక్నాలజిస్టునూ కాను. ఏ లైసెన్సు పరీక్షకూ కూర్చోలేను. అన్నీ కొంచెం కొంచెం తెలిసిన మనిషిని అవుతాను, అంతే.

ఫీజంతా అప్పు. సగం ఇప్పటికే తీసుకున్నాం. నాన్నకు ఇంకా చెప్పలేదు.

ఇది పూర్తిచేసి పీజీకి వెళ్లాలా, ఇప్పుడే లైసెన్సు వచ్చే కోర్సుకు మారాలా, మానేసి ఉద్యోగం చూసుకోవాలా? "నీ మనసు చెప్పింది చెయ్యి" అని మాత్రం అనకండి. నా మనసు పూటకొకటి చెబుతోంది.

తోకచుక్క
ఆ బొమ్మలో అమ్మాయి ఏం చదివిందో కనుక్కుని అందులో చేరండి.

మొండిఘటం
చేరేముందు ఎవరినీ అడగలేదా? నాలుగేళ్ల చదువుకు అప్పు చేసేవాళ్లు సిలబస్ కాగితం ఒక్కసారైనా తిరగేయరా?

నీలిమేఘం
తిరగేయలేదు. తప్పు నాదే. ఇప్పుడేం చేయాలని అడుగుతున్నాను.

రాత్రిడ్యూటీ
మొండిఘటం గారూ, పద్దెనిమిదేళ్ల పిల్లకు సిలబస్ కాగితం ఇస్తే ఏం అర్థమవుతుంది? అందులో అనాటమీ ఉంటుంది, ఫిజియాలజీ ఉంటుంది, బయోకెమిస్ట్రీ ఉంటుంది. మా ల్యాబ్ కోర్సులోనూ అవే. తేడా ఎక్కడంటే, మాకు వాటి తర్వాత పోస్టింగ్ ఉంటుంది. గొట్టం పట్టుకుని రక్తం తీయడం, నమూనా పాడైందో లేదో చూపుతో పట్టడం అక్కడే వస్తాయి. వీళ్ల కోర్సులో దాని స్థానంలో "ఆరోగ్య వ్యవస్థల పరిచయం" లాంటి పేపర్లు ఉంటాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. తెల్లవారుజామున నాలుగింటికి ఒక నమూనా వచ్చింది. పొటాషియం 7.1. అది నిజమైతే గుండె ఆగిపోయే అంకె. పరీక్ష యంత్రం నుంచి గొట్టం తీసి వెలుతురులో పెట్టి చూశాను. సీరం, అంటే రక్తకణాలు పోగా మిగిలే ద్రవం, లేత పసుపులో ఉండాలి, గులాబీ రంగులో ఉంది. తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలి వాటి లోపలి పొటాషియం బయటికి వచ్చేసింది. వార్డుకు ఫోన్ చేసి మళ్లీ తీయమన్నాను. రెండోసారి 4.2 వచ్చింది, మామూలు అంకె. అంకెను నమ్మాలా, గొట్టాన్ని నమ్మాలా అన్నది ఏ పాఠంలోనూ రాదు. నాకు జీతం ఇచ్చేది దానికే.

కాబట్టి పరీక్షా హాలు బయట నీకు ఏం చేయడం వచ్చు అని అడిగితే జవాబు ఉండాలి. నీ డిగ్రీలో ఆ జవాబు లేదని నువ్వే కనిపెట్టావు.

గంపెడాశ
ఇంత కంగారెందుకు? 2030 నాటికి ప్రపంచంలో కోటికి పైగా ఆరోగ్య సిబ్బంది కొరత ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంచనా వేసింది. డిగ్రీ చేతిలో ఉంటే ఎవరో ఒకరు తీసుకుంటారు.

ఎనభైఅయిదు
గంపెడాశ గారూ, ఆ కొరతలో ఎక్కువ భాగం పేద దేశాల్లో, మధ్యస్థ ఆదాయంలో అడుగున ఉన్న దేశాల్లో. అక్కడ సిబ్బంది కావాలి కానీ పోస్టులకు బడ్జెట్ ఉండదు. అందుకే ఒకే దేశంలో ఒకపక్క వార్డులో నర్సులు చాలరు, మరోపక్క చదువుకున్న నర్సులు ఖాళీగా ఉంటారు. కొరత అంటే ఉద్యోగ ప్రకటన కాదు.

పైగా ఆ లెక్కలో ముఖ్యంగా ఉన్నది డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు వంటివాళ్లు. "హెల్త్ సైన్సెస్ పట్టభద్రులు" అనే వరుస ఉందని నేను ఎక్కడా చూడలేదు.

తోకచుక్క
ఎనభైఅయిదు మీ వయసా?

ఎనభైఅయిదు
కాదండీ. ఎన్‌క్లెక్స్ రాసినప్పుడు కంప్యూటర్ 85వ ప్రశ్న దగ్గర ఆగిపోయింది. అమెరికాలో, కెనడాలో ఎక్కువ చోట్ల నర్సు లైసెన్సుకు ఆ పరీక్షే. సరిగ్గా రాస్తే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పితే తేలికవుతుంది. కనీసం 85, ఎక్కువలో ఎక్కువ 150. మన స్థాయి ఏమిటో దానికి రూఢి అయిన క్షణంలో ఆపేస్తుంది. బాగా రాసినా 85కే ఆగవచ్చు, ఘోరంగా రాసినా 85కే ఆగవచ్చు. ఫలితం వచ్చేదాకా నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. పాసయ్యాను. అప్పటి నుంచి అదే పేరు.

నీలిమేఘం, ఒక్క మాట. నేను ఆ కుర్చీలో కూర్చోగలిగింది నా డిగ్రీకి ఆ అర్హత ఉంది కాబట్టే. నీకంటే తెలివైనదాన్నని కాదు.

చిట్టాపద్దు
వైద్యం నాకు తెలియదు, లెక్కలు తెలుసు. అప్పు అన్నారు కాబట్టి ఆ ముక్క చూద్దాం.

నాలుగేళ్ల ఫీజు మొత్తం 100 అనుకోండి, ఏడాదికి 25 చొప్పున ప్రతి ఏడాది మొదట్లో తీసుకున్నారు. వడ్డీ ఏటా 9 శాతం. చదివినన్నాళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ ఏమీ కట్టలేదు. తీర్చడం మొదలుపెట్టే రోజుకు బాకీ 100 కాదు, సుమారు 136. దాన్ని పదేళ్లలో ఏటా సమానంగా తీరిస్తే మొత్తం కట్టేది దాదాపు 212. కరపత్రంలో 100 అనే వేస్తారు.

ఇందులో మీరు సంపాదించకుండా పోయిన నాలుగేళ్ల జీతం లేదు. అది కూడా ఖర్చే, రసీదు రాదు కాబట్టి ఎవరూ రాసుకోరు.

అతి ముఖ్యమైన మాట. ఇప్పటికే కట్టినదాన్ని మరిచిపోండి. "సగం అయిపోయింది కదా, పూర్తిచేస్తే పోలా" అనే మాట వినసొంపుగా ఉంటుంది కానీ ఆ డబ్బు కొనసాగించినా తిరిగి రాదు, మానేసినా రాదు. ఇకపై పెట్టబోయే డబ్బు, సమయం, వాటికి వచ్చే ఫలితం, ఈ మూడే పలకమీద రాయండి.

మొండిఘటం
అంటే సగం కట్టిన ఇల్లు వదిలేసి వేరేచోట పునాది తవ్వాలా? డిగ్రీ లేకుండా మధ్యలో మానేసిన మనిషిని ఎవరు పిలుస్తారు? రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఉద్యోగ ప్రకటనల్లో సగానికి "ఏదైనా డిగ్రీ" అని ఉంటుంది. ఆ గుమ్మం దాటడానికైనా కాగితం కావాలి.

చిట్టాపద్దు
అది న్యాయమైన మాటే. మిగిలిన రెండున్నరేళ్లకు ఫలితం ఆ కాగితమే అయితే ఆ కాగితం విలువ ఎంతో రాసుకోమంటున్నాను. సున్నా అనలేదు.

మూడోఅంతస్తు
నేను ఒక ఆసుపత్రిలో మనుషులను తీసుకునే విభాగంలో ఉన్నాను. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి చెబుతాను. హెల్త్ సైన్సెస్ వాళ్లను మేం తీసుకుంటాం. బీమా క్లెయిములు, రికార్డులు, నాణ్యతా విభాగం, రోగుల సమన్వయం, ఈ బల్లల దగ్గర వాళ్లే ఎక్కువ. డిశ్చార్జి సమ్మరీలో ఉన్నది అర్థం చేసుకోగలరు, డాక్టరుతో ఆయన భాషలో మాట్లాడగలరు. మామూలు డిగ్రీ వాళ్లకు ఆ భాష నేర్పడానికి నెలలు పడుతుంది.

అయితే నిజం కూడా వినండి. మొదటి జీతం లైసెన్సు ఉన్నవాళ్ల కంటే తక్కువ. నాలుగైదేళ్లకు తేడా తగ్గుతుందా అంటే, పైకి ఎక్కేవాళ్లకు తగ్గుతుంది, బల్ల దగ్గరే ఉండిపోయినవాళ్లకు పెరుగుతుంది. రాత్రిడ్యూటీలు ఉండవు, అది కొందరికి జీతమంత విలువ.

ఇంటర్వ్యూలో నేను అడిగేది మార్కులు కాదు. "ఆసుపత్రిలో ఎన్ని రోజులు గడిపావు, ఏం చూశావు?" అని. పదిమందిలో ఎనిమిదిమంది అక్కడే తడబడతారు.

అంకెలగంప
ఆ బల్లల్లో ఒకదాని దగ్గర నేను కూర్చుంటాను, మెడికల్ కోడింగ్. అంటే రోగాలకూ చికిత్సలకూ బీమా కోసం కోడ్‌లు వేసే పని. నాది జువాలజీ. హెల్త్ సైన్సెస్ చదివిన సహోద్యోగి నాకంటే వేగంగా పట్టుకుంది. ఆరు నెలల తర్వాత ఇద్దరం సమానమే. ధ్రువపత్రం పరీక్ష పాసైన రోజున నా జీతం పెరిగింది. డిగ్రీ ఏమిటని ఎవరూ అడగలేదు.

విసుగు పుట్టే పని అనుకుంటారు. అమెరికా వాళ్ల కోడ్ పుస్తకంలో డబ్ల్యూ61.33 ఏమిటో తెలుసా? కోడి పొడవడం.

తోకచుక్క
ఆగండి. కోడి పొడిస్తే దానికో కోడ్ ఉందా?

అంకెలగంప
మొదటిసారి చూపించుకోవడానికి వస్తే ఒక చివరి అక్షరం, మళ్లీ వస్తే ఇంకో అక్షరం. అత్తమామలతో గొడవలకు కూడా కోడ్ ఉంది, జడ్63.1.

ఎనభైఅయిదు
దీనికి మాత్రం మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లే ఎక్కువ ఉంటారు.

వెన్నుపూస
హాస్యం బాగుంది కానీ లైసెన్సు ఉన్న కోర్సంటే స్వర్గమన్నట్టు మాట్లాడుతున్నారు, అందుకని రాస్తున్నాను. నేను ఫిజియోథెరపిస్టును. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చడం రోజుకు ఇరవైసార్లు. మోకాళ్లు వంచాలి, నడుము వంచకూడదు, రోగి బరువును నా తొడల మీదికి తెచ్చుకోవాలి. ఇది పదిమందికి నేర్పిన నేను పోయిన ఏడాది నడుము నొప్పితో మూడు వారాలు పడుకున్నాను. ఏ కోర్సు ఖర్చు లెక్కలోనూ నడుము ఉండదు.

ఇంకో సంగతి. నిచ్చెన మెట్లు పెరుగుతూ పోతాయి. అమెరికాలో ఒకప్పుడు ఈ వృత్తికి బ్యాచిలర్స్ సరిపోయేది, తర్వాత మాస్టర్స్ అన్నారు, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు డాక్టరేట్ స్థాయి డిగ్రీ తప్పనిసరి. చేసే పని అదే, అప్పు మాత్రం ఎక్కువ. చేరేరోజున ఉన్న నియమం నువ్వు బయటికి వచ్చేరోజున ఉంటుందనుకోకు.

మాటామంతీ
వెన్నుపూస గారి మాటకు కొనసాగింపు. నేను స్పీచ్ థెరపిస్టును. అమెరికాలో మా వృత్తిలో గుర్తింపు పత్రానికి మాస్టర్స్ ఉండాలి, పైగా 400 గంటల క్లినికల్ అనుభవం, అందులో 375 గంటలు రోగితో నేరుగా పనిచేసినవే అయి ఉండాలి. ఆక్యుపేషనల్ థెరపీకి (రోగి తన రోజువారీ పనులు తనే చేసుకునేలా నేర్పే వృత్తి) వాళ్ల ప్రపంచ సమాఖ్య కనీసం 1000 గంటల ఫీల్డు పని కోరుతుంది. అంటే ఇలాంటి వృత్తుల్లో హెల్త్ సైన్సెస్ డిగ్రీ మొదటి మెట్టుగా పనికొస్తుంది. నా తరగతిలో ఇద్దరు అలా వచ్చినవాళ్లే.

కానీ ఒక మెలిక ఉంది. ఏ పీజీ అయినా ముందే చదివి ఉండాల్సిన పేపర్ల జాబితా ఇస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరికి గణాంకశాస్త్రం, ఫిజిక్స్ లేవు. వాటికోసం అదనంగా ఒక ఏడాది పోయింది. నీలిమేఘం, పీజీ ఆలోచన ఉంటే ఈ రోజే నాలుగు చోట్ల జాబితాలు చూసి మూడో ఏడాదిలో ఐచ్ఛిక పేపర్లు వాటికి తగ్గట్టు ఎంచుకో. డిగ్రీ అయ్యాక చూస్తే ఆలస్యం.

నీలిమేఘం
మా కోర్సులో గణాంకశాస్త్రం ఐచ్ఛికం. దానికి బదులు "వెల్‌నెస్ మరియు జీవనశైలి" తీసుకున్నాను. మార్కులు సులువుగా వస్తాయన్నారు.

మొండిఘటం
వచ్చాయా?

నీలిమేఘం
వచ్చాయి.

గంపెడాశ
అందరూ డబ్బు, లైసెన్సు అంటున్నారు. చదువుకు వేరే విలువ లేదా? మా అమ్మకు కిడ్నీలు పాడైనప్పుడు, నాకు ఆ కాగితాల్లో క్రియాటినిన్ అంటే ఏమిటో కూడా తెలియదు. డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయేవారు. ఇంట్లో ఒక్కరికి ఈ చదువు ఉండి ఉంటే సరైన ప్రశ్న సరైన సమయానికి అడిగేవాళ్లం. ఆ విలువ ఏ పద్దులో రాస్తారు చిట్టాపద్దు గారూ?

చిట్టాపద్దు
రాయలేను. దానికి నా దగ్గర గడి లేదు. కానీ దానికోసం పదేళ్లు వాయిదాలు కట్టమని ఒక పిల్లకు చెప్పలేను కూడా.

నీడబొమ్మలు
ఎక్స్‌రేలు తీసే రేడియోగ్రాఫరును. రెండో ఏడాదిలో వేరే కోర్సు నుంచి మారినదాన్నే, అందుకే ఇన్ని పోస్టులూ చదివి రాస్తున్నాను.

నాకు పాత కోర్సులోని అనాటమీ, ఫిజియాలజీ లెక్కలోకి తీసుకున్నారు. మిగిలినవి తీసుకోలేదు. మొత్తంమీద ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది పోయిందని మూడేళ్లు బాధపడ్డాను, తర్వాత గుర్తు కూడా రాలేదు. నేను చేసిన తెలివైన పని ఒకటే, పాత కాలేజీలో సీటు వదలకముందే కొత్త కాలేజీ నుంచి ఏయే పేపర్లు చెల్లుతాయో కాగితం మీద రాయించుకున్నాను. నోటిమాట మీద మారిన స్నేహితురాలికి మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టమన్నారు.

పని గురించి: కృత్రిమ మేధ వచ్చి మా పని తినేస్తుందని ప్రతి పెళ్లిలో ఎవరో ఒకరు నాతో అంటారు. 2016లో కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ అంతటివాడు రేడియాలజిస్టులను తయారుచేయడం ఇక ఆపేయాలన్నాడు. ఏళ్లు గడిచాయి, వాళ్లు ఇంకా చాలడం లేదు. ఆయన అన్నది కూడా బొమ్మ చదివే డాక్టర్ల గురించి. బొమ్మ తీసేది నేను. తుంటి ఎముక విరిగిన ఎనభై ఏళ్ల ముసలమ్మ అరవకుండా, ఆమె కాలు కదలకుండా ఎక్స్‌రే క్యాసెట్టు ఎక్కడ పెట్టాలో చూడాలి. ఆమె చేయి పట్టుకుని "ఊపిరి బిగబట్టమ్మా" అనాలి. ఇవి చేసే యంత్రం నాకింకా కనబడలేదు.

ఒంటికి తగిలే రేడియేషన్ కొలిచే డోసు బ్యాడ్జీ చొక్కాకు పెట్టుకుంటాం. అంతర్జాతీయ సిఫారసు ప్రకారం అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు. నాది ఇన్నేళ్లలో ఆ దరిదాపులకు కూడా రాలేదు. చాలామంది ఇంట్లో భయపడేది దీనికే కాబట్టి రాశాను.

ఇంటిపెద్ద
ఇలాంటి డిగ్రీ చదువుతున్న అబ్బాయికి తండ్రిని. మావాడు మూడో ఏడాదిలో చెప్పాడు. నాకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు, ఏడాదిపాటు ఒక్కడే మోశాడని. అమ్మా నీలిమేఘం, మీ నాన్నగారికి చెప్పు. అప్పు కాగితం మీద ఆయన సంతకం ఉంది కదా.

మొండిఘటం
దీన్ని మాత్రం ఒప్పుకుంటాను.

రాత్రిడ్యూటీ
నీడబొమ్మలు గారు చెప్పిన రాతపూర్వక కాగితం సంగతి పెద్ద అక్షరాలతో రాసుకో. దానికి ఇంకో రెండు ప్రశ్నలు చేర్చు. మారబోయే కాలేజీలో పోయిన మూడు బ్యాచ్‌లలో లైసెన్సు పరీక్ష మొదటిసారే పాసైనవాళ్లు ఎంతమంది? పోస్టింగ్ కాలేజీయే ఇస్తుందా, మనమే వెతుక్కోవాలా? ఈ రెండో ప్రశ్నకు "సహాయం చేస్తాం" అంటే వెతుక్కోవాలనే అర్థం.

ఇంటర్న్‌షిప్‌లో జీతం ఇస్తారా అని కూడా. నాకు ఆరు నెలలు ఇవ్వలేదు. ఆ ఆరు నెలల బస్సు చార్జీలూ చదువు ఖర్చే.

నీలిమేఘం
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. నాన్నకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చిట్టాపద్దు గారి 100, 136, 212 చూపించమని అడిగి, తనే కాగితం తీసుకుని మళ్లీ వేసి చూసుకున్నారు. 211.65 అట.

చిట్టాపద్దు
మీ నాన్నగారికి నా నమస్కారాలు. నేను గుండ్రం చేశాను.

నీలిమేఘం
రెండు కాలేజీలకు ఉత్తరం రాశాను, ఏ పేపర్లు చెల్లుతాయో రాసి ఇవ్వమని. ఒకరు అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ తీసుకుంటామన్నారు, ల్యాబ్ టెక్నాలజీ రెండో ఏడాదిలో చేరవచ్చట. అంటే పోయేది ఏడాదిన్నర కాదు, దాదాపు ఏడాది. రెండోవాళ్లు ఫోన్‌లో "వచ్చి చేరండి, చూద్దాం" అన్నారు.

నీడబొమ్మలు
రెండోవాళ్ల నంబరు చెరిపేయి.

వెన్నుపూస
ల్యాబ్ అంటే రోజంతా నిలబడటం, రాత్రిళ్లు మేలుకోవడం. పేపర్లు చెల్లుతున్నాయి కదా అని అందులోకి దూకకు. నచ్చుతుందో లేదో చూసుకున్నావా?

నీలిమేఘం
అదే అడగాలనుకుంటున్నాను. రాత్రిడ్యూటీ గారూ, మీ పై అధికారి ఒప్పుకుంటే ఒక్క రాత్రి వచ్చి మూలన నిలబడి చూడవచ్చా? ఏమీ ముట్టుకోను.

రాత్రిడ్యూటీ
అడిగాను, అనుమతి పత్రం నింపితే సరేనన్నారు. నీకు విడిగా సందేశం పంపుతాను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు. మధ్యలో వెళ్లిపోతానంటే కుదరదు, మూడు గంటలకు నిద్ర ముంచుకొచ్చినప్పుడే అసలు పని తెలుస్తుంది. వేళ్లు కనబడే చెప్పులు వద్దు, మూసి ఉన్న బూట్లు. జుట్టు ముడి వేసుకో. గులాబీ రంగు సీరం వస్తే నిన్ను పిలుస్తాను.

తోకచుక్క
కోడి పొడిచిన కేసు వస్తే నన్ను పిలవండి.